పెళ్లి తేదీ ముందు తేల్చుకో

ప్రభువునందు ప్రియమైన మేనకోడలికి అత్తయ్య దీవించి రాస్తున్నది.

నీ నవల మొదటి అధ్యాయాలు చదివాను. 1880ల నాటి అమెరికాలో నెబ్రాస్కా, సొంత భూమి కావాలని పట్టుబట్టిన ఒంటరి పిల్ల, ఊరికి కొత్తగా వచ్చిన మెథడిస్టు పాదిరి. సరుకు మంచిదే. కానీ రెండో అధ్యాయం దాటకముందే ఆ పిల్ల అతన్ని చూసి కరిగిపోయింది. ఇక మిగతా పుస్తకమంతా ఏం రాస్తావమ్మా? అడ్డం ఏదీ?

అడ్డాన్ని నువ్వు కల్పించనక్కర్లేదు, చట్టంలోనే ఉంది. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద 21 ఏళ్లు నిండిన పెళ్లికాని స్త్రీ తన పేరున 160 ఎకరాల ప్రభుత్వ భూమికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అక్కడే ఇల్లు వేసుకుని, 5 ఏళ్లు ఉండి సాగు చేస్తే పట్టా. వితంతువుకూ ఆ వీలుంది. భర్తతో కాపురం చేస్తున్న ఇల్లాలికి మాత్రం లేదు, ఇంటిపెద్ద ఆయనే గనుక. అంటే నీ పిల్ల దరఖాస్తుకు ముందే పెళ్లి చేసుకుంటే భూమి మాట మర్చిపోవాల్సిందే. అందుకే పెళ్లి తేదీ ముందు తేల్చుకో, ప్రేమ సంగతి తర్వాత చూద్దువు. పైగా ఆ రోజుల్లో పాదిరి గుర్రమెక్కి ఊరూరా తిరగాలి, ఆమేమో తన చెక్కను వదిలి కదలకూడదు. ఇంతకంటే మంచి చిక్కు ఎక్కడ దొరుకుతుంది? ఇంకోటి. పట్టా చేతికి రావాలంటే ఆమె నిజంగా అక్కడే ఉండి సాగు చేసిందని ఇద్దరు సాక్షులు చెప్పాలి. ఆ ఇద్దరిలో ఒకడు ఆమె కాదన్న మనిషే అయితే? నేనైతే ఆ ఒక్క ఘట్టం కోసమే పుస్తకం రాస్తాను.

నువ్వుండే ఓమహా ఊరికి ఆ పేరొచ్చిన ఆదివాసీ తెగలోనే 1865లో సుసాన్ లా ఫ్లెష్ పుట్టింది. ఆమె గురించి చదివావా? ఫిలడెల్ఫియా మహిళా వైద్య కళాశాలలో 1889లో తరగతికే మొదటిదిగా నెగ్గి, అమెరికా ఆదివాసీ స్త్రీలలో మొదటి డాక్టరయింది. చదువుకు డబ్బిచ్చిన స్త్రీల సంఘం పెట్టిన షరతేమిటో తెలుసా, చదువయ్యాక కూడా కొన్నేళ్లు పెళ్లి చేసుకోకూడదని. ఇష్టపడ్డ యువకుణ్ణి వదులుకుంది. తిరిగొచ్చి వెయ్యిమందికి పైగా జనానికి ఒక్కతే, మంచులో గుర్రబ్బండి తోలుకుంటూ వైద్యం చేసింది. 1894లో హెన్రీ పికాట్‌ను పెళ్లాడింది, ఇద్దరు కొడుకులను కన్నది, వైద్యం మాత్రం మానలేదు. 1913లో వాల్ట్‌హిల్‌లో ఆసుపత్రి పెట్టించింది. ఆ భవనం ఇప్పటికీ ఉంది, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్లి చూసిరా. (అన్నట్టు, మన గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి పెట్టిన డాక్టరమ్మ అన్నా కుగ్లర్ కూడా ఆ కాలేజీలోనే 1879లో పట్టా పుచ్చుకుంది. నువ్వు పుట్టింది ఆ ఆసుపత్రిలోనే గనుక నీకూ ఆ కాలేజీతో ఏదో చుట్టరికం ఉన్నట్టే.)

నీ కథలో ఆ తెగవాళ్లు ఒక్కరూ కనపడలేదు. మరి నీ పిల్ల దున్నే నేల ఎవరిది? 1854 ఒప్పందంలో ఓమహాలు తమ నేలలో చాలా భాగం వదులుకున్నారు. బైబిల్లో రాజు లాక్కున్న నాబోతు ద్రాక్షతోట కథ వింటూ పెరిగిన మనం ఆ సంగతి మింగేస్తే ఎట్లా? ఉపన్యాసం వద్దు, ఆమె నాగలికి ఏదో తగిలి ఆగితే చాలు.

ఇక బైబిలు వాక్యం గురించి. కష్టం వచ్చినప్పుడల్లా ఆ పిల్ల ఒక వచనం అప్పజెబుతోంది. మీ నాయనమ్మ అట్లా ప్రార్థించేదా? అంట్లు తోముతూ, జ్వరం పిల్లను ఒళ్లో వేసుకుని గొణుక్కునేది. రూతు గ్రంథం మళ్లీ తియ్యి. పరిగె ఏరుకోవడం, కళ్లంలో ఆ రాత్రి, ఊరి గుమ్మం దగ్గర పెద్దల ముందు భూమి వ్యవహారం, దాంతోపాటే పెళ్లి. దేవుడు ఆ నాలుగు అధ్యాయాల్లో ఒక్క మాట కూడా నేరుగా మాట్లాడడు. నీ నవలకు కావలసినదంతా అందులోనే ఉంది.

చివర్లో ఆమె చేత భూమి వదిలించి దానికి ‘లోబడటం’ అని పేరు పెట్టావో, నేను చదవను. ఆమె ఏదైనా వదులుకుంటే అతనూ వదులుకోవాలి, ఆమెదెంత విలువో అతనిదీ అంత కావాలి.

కథను 1887లో ఆపుతున్నావు. ఇంకో చలికాలం సాగించు. 1888 జనవరి 12న పొద్దున వెచ్చగా ఉందని పిల్లలు పల్చటి బట్టల్లో బడికి పోయారు, ఆ పగలే మంచు తుఫాను విరుచుకుపడింది. ఎంతోమంది పిల్లలు దారిలోనే పోయారు. అప్పుడు పాదిరి ఏ ఊళ్లో ఉన్నాడు, ఆమె పొయ్యిలో ఎంత ఎండుపేడ మిగిలింది, అదంతా నువ్వే ఆలోచించు.

రెండో అధ్యాయం తిరగరాసి పంపు. ఫోనులో కాదు, అచ్చు తీయించి, అక్షరాలు పెద్దవి పెట్టించి పంపు.

అత్తయ్య
గుంటూరు