ఏడో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ అవసరమా?

ప్రశ్న: మాది నరసరావుపేట. బాబు ఈ జూన్‌లో ఏడో తరగతికి వస్తాడు. మా తోడికోడలి కూతురు ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్‌లో ఉంది, పై సెక్షన్ కూడా వచ్చింది. ఇప్పుడే చేరిస్తే 'హెడ్ స్టార్ట్' దొరుకుతుందని, ఇంటర్‌లో మొదలుపెడితే అందుకోవడం కష్టమని స్కూలు వాళ్లు అంటున్నారు. మామూలు స్కూల్లోనే ఉంచితే వెనకబడిపోతాడా? రెండింటినీ పోల్చి చెప్పండి.

జవాబు: వెనకబడడమ్మా. మిగతాది మీరు స్థిమితంగా చదవాలని ఈ మాట ముందే చెబుతున్నాను.

అడ్మిషన్ల కాలం వస్తే ఇలాంటి ఉత్తరాలు వరసగా వస్తాయి. ఊళ్లు వేరు, తరగతులు వేరు, లోపలున్న భయం మాత్రం ఒక్కటే. రేపు ర్యాంకు రాకపోతే 'ఆ రోజే చేర్పించాల్సింది' అని చుట్టాలందరూ తల్లినే అంటారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ దాన్ని దించుకోవడానికి పన్నెండేళ్ల పిల్లాడి సాయంత్రాలు పణంగా పెట్టకూడదు. మీరు రాసిన దాంట్లో తోడికోడలి కూతురి సెక్షన్ ఉంది. మీ బాబుకి లెక్కలంటే ఇష్టమో భయమో, ఏ పాఠం దగ్గర తడబడతాడో ఒక్క ముక్క లేదు. కోపగించుకోకండి, మీరు మొదట రాయాల్సింది అదే.

ఐఐటీ సీటు కోసం రాసే జేఈఈ మెయిన్ అయినా అడ్వాన్స్‌డ్ అయినా అడిగేది 11, 12 తరగతుల పాఠాలే. మరి నాలుగేళ్ల ముందే అవే పాఠాలు చెబితే నష్టమేంటని మీరు అడగొచ్చు. నా అనుమానమంతా అక్కడే. ఫౌండేషన్ మెటీరియల్‌లో చలనం పాఠం వచ్చేస్తుంది. 'వి ఈజ్ ఈక్వల్ టు యూ ప్లస్ ఏటీ' (చివరి వేగం అంటే మొదటి వేగానికి త్వరణం, కాలాల లబ్ధం కలిపినది) అని పిల్లాడు గడగడా అప్పజెబుతాడు, ఇంట్లో అందరికీ ముచ్చటేస్తుంది. త్వరణం, అంటే వేగం మారే రేటు, మారకుండా ఉన్నప్పుడే ఆ సూత్రం చెల్లుతుందన్న షరతు మాత్రం బుర్రకెక్కదు, ఎందుకంటే త్వరణం మారే లెక్కలు ఆ వయసులో చేయించలేరు. ఇంటర్‌లో ఈ లెక్క వస్తుంది: నిశ్చలంగా ఉన్న వస్తువు త్వరణం 2టీ (టీ అంటే గడిచిన సెకన్లు), 3 సెకన్ల తర్వాత వేగమెంత? మూడో సెకనుకి త్వరణం 6, కాలం 3, కాబట్టి 18 అని రాసేస్తాడు. మారే త్వరణాన్ని క్షణక్షణం కూడుకుంటూ పోతే, అంటే ఇంటిగ్రేషన్ చేస్తే, వచ్చేది 9. ఇలాంటి ప్రశ్నలకు ఆప్షన్లలో 18 కూడా పెడతారు, తప్పు పెడితే ఒక మార్కు పోతుంది.

అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. ఆ పాఠం మొదలైన రోజు 'ఇది మాకు ఎప్పుడో అయిపోయింది' అని వినడం మానేస్తాడు. పక్క బెంచీలో మొదటిసారి వింటున్న పిల్లాడు శ్రద్ధగా రాసుకుని దాటిపోతాడు. అందుకే ఫౌండేషన్‌లో పై సెక్షన్‌లో ఉన్నవాళ్లందరూ ఇంటర్‌లోనూ పైనే ఉంటారని అనుకోవద్దు.

వారం వారం పరీక్ష పెట్టి, మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చే పద్ధతి ఉంటే ఆ వయసు పిల్లల్ని అక్కడ అసలు చేర్చకండి. కింది సెక్షన్‌కి దిగిన పిల్లాడు లెక్కలు నేర్చుకోడు, తనకి లెక్కలు రావని నేర్చుకుంటాడు. నిద్ర సంగతీ చూడాలి. ఈ వయసులో రోజుకి కనీసం తొమ్మిది గంటలు కావాలి. పొద్దున ఏడింటికి బస్సు, సాయంత్రం స్టడీ అవర్స్, రాత్రి హోంవర్క్ అంటే అది కుదరదు.

కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో, 16 ఏళ్ల లోపు వాళ్లను కోచింగ్ సెంటర్లలో చేర్చుకోకూడదని, లేదా పదో తరగతి పరీక్ష అయ్యాకే చేర్చుకోవాలని ఉంది. అదే బోధనను స్కూలు టైంటేబుల్లో కలిపి 'ఫౌండేషన్' అంటే తల్లిదండ్రులకు అది కోచింగ్‌లా కనిపించదు.

నిజంగా ముందుండేది పునాది లెక్కలు గట్టిగా వచ్చిన పిల్లాడు. ఈ ఆదివారం బాబుని కూర్చోబెట్టి నాలుగు అడగండి. మైనస్ 7 లోంచి మైనస్ 4 తీసేస్తే ఎంత? ముప్పావు లీటరు పాలు అర లీటరు గ్లాసుల్లో పోస్తే ఎన్ని గ్లాసులు? 800 రూపాయల చొక్కా ధర 20 శాతం తగ్గించాక, మళ్లీ 800 కావాలంటే ఎంత శాతం పెంచాలి? గంటకి 72 కిలోమీటర్లంటే సెకనుకి ఎన్ని మీటర్లు? జవాబులు మైనస్ 3, ఒకటిన్నర, 25 శాతం, 20 మీటర్లు. మూడోదానికి 20 శాతం అన్నాడంటే దేని మీద శాతమో చూసుకోవడం రాలేదని అర్థం. నాలుగోది 5 బై 18తో చేస్తే, ఆ 5 బై 18 ఎక్కణ్నుంచి వచ్చిందో అడగండి. 1000ని 3600తో భాగించానని చెప్పగలిగితే, వాడికి ఫౌండేషన్ ఇంట్లోనే ఉంది.

తడబడితే కంగారు పడకండి. వారంలో ఐదు రోజులు, రోజుకి 40 నిమిషాలు చాలు. ఏడులో భిన్నాలు, మైనస్ సంఖ్యలు, నిష్పత్తులు, చిన్న సమీకరణాలు, ఎనిమిదిలో కారణాంకాలు, గ్రాఫులు. స్కూలు పుస్తకంలోని ప్రతి లెక్కా మెట్టు మెట్టుగా రాయించండి, ఆప్షన్ మీద టిక్కు పెట్టించొద్దు. ఎనిమిది, తొమ్మిదికి వచ్చేసరికి లెక్కల మీద ఆకలి కనిపిస్తే ఐఓక్యూఎం పాత పేపర్లు ఇవ్వండి. మన దేశంలో గణిత ఒలింపియాడ్‌కి అది తొలి మెట్టు. ముప్పై ప్రశ్నలు, మూడు గంటలు. ఆప్షన్లుండవు కాబట్టి ఊహించి గట్టెక్కడం కుదరదు. ఫీజు కట్టిన వాళ్లందరికీ మెడల్ పంచే ప్రైవేటు 'ఒలింపియాడ్'ల జోలికి వెళ్లొద్దు.

పోల్చమన్నారు కదా. ఫౌండేషన్ స్కూలు ఇంటికి దగ్గరగా ఉండి, వారానికి రెండు మూడు పీరియడ్లే అదనంగా చెబుతూ, ఆటల పీరియడ్ మింగేయకుండా ఉంటే, బాబే అడిగితే చేర్చండి. చేర్చే ముందు అక్కడ ఇప్పుడు ఏడో తరగతి చదువుతున్న పిల్లాడి లెక్కల నోట్సు ఒకటి చూడండి. మెట్లు లేకుండా ఏ, బీ, సీ, డీలే ఉంటే వెనక్కి వచ్చేయండి. ఏడాది మధ్యలో మానేస్తే ఫీజు ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాయించుకోండి.

'ఈ నెలాఖరే ఆఖరి గడువు' అని వాళ్లు ఫోన్ చేస్తారు. తొందరపడొద్దు. ఎనిమిదిలోనూ తొమ్మిదిలోనూ సీట్లు ఇస్తూనే ఉంటారు.