ఉపవాసంతో కణితి మాడిపోతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. పెద్దపేగు క్యాన్సర్‌కి కీమో నడుస్తోంది. 4 నెలల్లో 64 కిలోల నుంచి 60కి దిగారు. స్కాన్‌లో ఫ్యాటీ లివర్ అని కూడా వచ్చింది. ఏకాదశికి కటిక ఉపవాసం ఉంటే లివర్‌లో కొవ్వు కరుగుతుంది, గడ్డ మాడిపోతుంది అని బంధువులంటున్నారు. నాన్నగారూ పట్టుబడుతున్నారు. ఉండనివ్వచ్చా? – ఓ పాఠకురాలు, పెరంబూర్, చెన్నై

జవాబు: ఇప్పుడు వద్దండి. ఆరోగ్యవంతులు తిండి మానేస్తే, లివర్‌లో దాచుకున్న గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ (సుమారు 100 గ్రాములు) ఒక రోజులో దాదాపు అయిపోతుంది. ఈలోగా ఇన్సులిన్ తగ్గి, ఒంట్లోని కొవ్వు ఫ్యాటీ ఆమ్లాలుగా విడిపోయి లివర్‌కి చేరుతుంది. అంటే ఒక్కరోజు ఉపవాసంతో లివర్‌లో కొవ్వు తగ్గకపోగా, తాత్కాలికంగా పెరగొచ్చు కూడా. ఆ ఆమ్లాల్లో కొన్ని, గ్లూకోజ్ బదులు ఇంధనంగా పనికొచ్చే కీటోన్లుగా మారతాయి. మెదడు కొంతవరకు వాటితో నడుస్తుంది కాబట్టి ఆ మేరకు కండ మిగులుతుంది.

కణితి ఉన్న ఒంట్లో ఈ ఏర్పాటే దెబ్బతినవచ్చు. క్యాన్సర్ ఉన్న ఎలుకల్లో ఇంటర్‌ల్యూకిన్-6 (వాపుకి సంకేతమిచ్చే ప్రొటీన్) పెరిగి, లివర్‌లో కీటోన్ల తయారీని అణిచేసింది. తిండి తగ్గేసరికి కండను కరిగించే స్టెరాయిడ్ హార్మోన్లు పెరిగాయి. పైగా కణితి గ్లూకోజ్‌ని వాడుకుని వదిలిన లాక్టేట్‌ను మళ్లీ గ్లూకోజ్‌గా మార్చడానికి లివర్ ఒక్కో గ్లూకోజ్ అణువుకి 6 ఏటీపీలు (కణాలకి శక్తినిచ్చే అణువులు) ఖర్చుపెడుతుంది. నాన్నగారు తినకపోయినా, లివర్ కండలోని అమైనో ఆమ్లాలతోనైనా గ్లూకోజ్ తయారుచేస్తుంది. గడ్డకి అది అందుతూనే ఉంటుంది.

ఆయన 6 శాతం పైగా తగ్గారు. ప్రయత్నించకుండా 6 నెలల్లో 5 శాతం దాటితే దాన్ని క్యాన్సర్ క్షీణతగా (జబ్బు వల్ల కండ, బరువు కరిగిపోవడం) లెక్కిస్తారు. ఫ్యాటీ లివర్‌కి 5-ఫ్లోరోయురాసిల్, ఇరినోటెకాన్ లాంటి కీమో మందులూ కారణం కావచ్చు. ఆయనకి ఏవి ఎక్కిస్తున్నారో అడగండి.

60 కిలోల మనిషికి రోజుకి 1500–1800 కేలరీలు, 60–90 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఏకాదశి విడవలేనంటే ధాన్యం మాత్రం మానమనండి. రెండు గ్లాసుల కాచిన పాలు, 100 గ్రాముల పనీర్, 30 గ్రాముల వేయించిన వేరుశనగలు కలిపితే 40 గ్రాముల దాకా ప్రొటీన్ వస్తుంది. రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెం పెట్టండి, మధ్యలో అరటిపండు ఇవ్వండి. షుగర్‌కి గ్లిమెపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే కటిక ఉపవాసం ఇంకా ప్రమాదం. చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే వెంటనే గ్లూకోజ్ తాగించాలి.

పెట్ స్కాన్‌కి ముందు 4–6 గంటలు ఏమీ తినొద్దంటారు, ఆ నియమం మాత్రం తప్పక పాటించండి. తిని వెళ్తే ఇన్సులిన్ పెరిగి, గడ్డని చూపించడానికి ఎక్కించిన చక్కెర లాంటి మందు కండల్లోకి పోతుంది, గడ్డ స్పష్టంగా కనపడదు.

వారానికోసారి పొద్దున్నే, ఒకే మెషిన్ మీద బరువు చూడండి. కాళ్లలో నీరు చేరితే కండ తగ్గుతున్నా బరువు తగ్గినట్టు కనపడదు. చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతోందేమో చూసి, పడితే డాక్టర్‌కి చెప్పండి.