ఆయన తీసేశారు, నేను మళ్ళీ పెట్టాను

ప్రశ్న: వికీపీడియాలో ఎకౌంట్ తెరిచి మూడు వారాలైంది. ఒక రచయిత (ఇప్పుడు లేరు) పేజీలో పుట్టిన సంవత్సరం తప్పుగా ఉందని మార్చాను, ఎందుకంటే నా దగ్గరున్న ఆయన కథల సంపుటి వెనక అట్ట మీద వేరే సంవత్సరం ఉంది. గంట కూడా కాలేదు, ఒకాయన వచ్చి పాతదే పెట్టేశారు. నేను మళ్ళీ మార్చాను, ఆయన మళ్ళీ తీశారు, ఒక్క రోజులో ఇలా మూడుసార్లు జరిగింది. ఇప్పుడు నా చర్చ పేజీలో (అక్కడివాళ్ళు నాకు సందేశాలు రాసే చోటు) హెచ్చరిక, ఇంకోసారి చేస్తే బ్లాక్ చేస్తారట. ఆయన చాలా ఏళ్ళుగా రాస్తున్నారు, నేను కొత్త. అక్కడ సీనియర్ల మాటే చెల్లుతుందా? మా ఫ్రెండ్స్ ముగ్గురి చేత ఎకౌంట్లు తెరిపించి నా మాటే రైటని రాయిద్దామనుకుంటున్నా, పర్లేదా?

- ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ ఫ్రెండ్స్ ఐడియా పక్కన పెట్టేయండి. నిన్న పుట్టిన మూడు ఎకౌంట్లు, వేరే ఏ పేజీ ముట్టుకోకుండా నేరుగా మీ గొడవలోకి వచ్చి ఒకే పాట పాడితే ఎవరికి అర్థం కాదు చెప్పండి. అక్కడ దాన్ని దొంగ ఎకౌంట్లతో సమానంగానే చూస్తారు, మీ సంవత్సరం నిజంగా రైటే అయినా ఆ తర్వాత మీ మాట ఎవరూ వినరు.

ఇక సీనియర్ సంగతి. హెచ్చరిక మీకొచ్చింది కాబట్టి ఆయనకి రూల్ లేదనుకోకండి. ఇంగ్లీషు వికీలో ఉన్న రూల్ ఏంటంటే ఒకే పేజీలో 24 గంటల్లో మూడు కంటే ఎక్కువసార్లు ఇతరుల మార్పుల్ని వెనక్కి తిప్పకూడదు, మొత్తం తిప్పినా కొంచెం తిప్పినా, ప్రతిసారీ అదే వాక్యం కాకపోయినా లెక్కలోకే వస్తుంది. అది పన్నెండేళ్ళ వాడుకరికీ పన్నెండు రోజుల వాడుకరికీ ఒకటే. అలాగని మూడు మన కోటా కాదు, గడియారం చూసుకుని ఇరవై అయిదో గంటలో నాలుగోది కొట్టినా ఎడిట్ వార్, అంటే ఒకరి మార్పు ఒకరు తిప్పుకుంటూ పోయే గొడవ, కిందే బ్లాక్ చెయ్యొచ్చు. మినహాయింపులు కొన్ని ఉన్నాయి: పేజీని కావాలని పాడుచేసే రాతలు తీసెయ్యడం, బతికున్న మనుషుల మీద మూలం లేని ఆరోపణలు తీసెయ్యడం లాంటివి. మీది అందులో ఏదీ కాదు, ఇద్దరూ మంచి ఉద్దేశంతోనే కొట్టుకుంటున్నారు.

నాకు మీ ఉత్తరంలో కొట్టొచ్చినట్టు కనపడింది వేరే. మూడుసార్లు తిప్పానన్నారు గానీ ఆయన దగ్గరున్న ఆధారం ఏంటో ఒక్క ముక్క రాయలేదు. అంటే చూడలేదన్నమాట! పేజీ చరిత్ర తెరవండి, ఆయన ప్రతి మార్పు పక్కన దిద్దుబాటు సారాంశంలో (ఎందుకు మార్చారో రాసే చిన్న వాక్యం) ఏమైనా రాశారేమో చూడండి, ఆ సంవత్సరం పక్కన ఉన్న చిన్న అంకె నొక్కితే ఏ పుస్తకం ఏ పేజీ అని వస్తుంది. అదొక పరిశోధించి రాసిన జీవితచరిత్ర అయితే మీ వెనక అట్ట దాని ముందు నిలబడ్డం కష్టం, అట్ట మీద రెండు ముక్కలు ఎవరు ఎంత జాగ్రత్తగా రాస్తారో మీకూ తెలుసు. ఒకవేళ అక్కడ అంకే లేదు, మూలమే ఇవ్వలేదు అనుకోండి, అప్పుడు బలం మీ వైపు ఉంది, ఎందుకంటే ఒక సంగతి పేజీలో ఉండాలనే వాళ్ళే దానికి ఆధారం చూపించాలి. మీ మార్పుకి కూడా అదే వర్తిస్తుంది లెండి, పుస్తకం పేరు, ప్రచురణకర్త, ముద్రణ సంవత్సరం ఇచ్చారా మరి?

ఇప్పుడు చెయ్యాల్సింది ఆ వ్యాసం చర్చ పేజీలో రాయడం. ఆయన సొంత చర్చ పేజీలో కాదు, వ్యాసానిదే, అప్పుడు రేపు వచ్చే మూడోమనిషికి కూడా కనపడుతుంది. "మీరు పదేపదే నా మార్పు తీసేస్తున్నారు" అని మొదలుపెట్టారంటే ఆయన తన గురించి వాదించుకుంటారు, సంవత్సరం సంగతి గాల్లో కలిసిపోతుంది. ఇలా రాసి చూడండి: "ఫలానా సంపుటి ఫలానా ముద్రణ వెనక అట్ట మీద ఈ సంవత్సరం ఉంది, ఇప్పుడు పేజీలో ఉన్నదానికి ఆధారం ఏదో చెప్తారా, రెండూ నమ్మదగినవైతే రెండూ ఇద్దామా?" అంతే, చివర నాలుగు టిల్డే గుర్తులు (~~~~) పెడితే మీ పేరూ టైమూ అదే వస్తుంది, ఆయన వాడుకరి పేరు లింకిచ్చి సంతకం కూడా పెడితే ఆయనకి కబురు వెళ్తుంది. తర్వాత నాలుగైదు రోజులు ఆగండి. ఆగడమే కష్టం, నాకు తెలుసు, నేను కూడా ఒకప్పుడు ఒక కామా కోసం రాత్రి రెండింటిదాకా కూర్చున్నదాన్నే.

రెండూ ఇద్దామా అన్నది రాజీ కోసం చెప్పిన మాట కాదు. మంచి మూలాలు రెండు వేరువేరుగా చెప్తుంటే ఏది నిజమో తీర్పు చెప్పడం వికీపీడియా పని కాదు, ఎవరు ఏం చెప్పారో చెప్పడమే దాని పని. మీరు ఆయన పాత ఉత్తరాలు తిరగేసి లెక్కగట్టి అసలు సంవత్సరం కనిపెట్టినా సరే, ముందు ఎక్కడైనా అచ్చవ్వాలి, నేరుగా అక్కడ పెట్టకూడదు.

ఆయన పలకలేదా, చర్చ పేజీలో అడిగానని సారాంశంలో రాసి మార్పు చెయ్యండి. పలికారు గానీ తెగలేదా, ఇంగ్లీషు వికీలో ఇద్దరి మధ్యే ఉన్న గొడవకి మూడో అభిప్రాయం అడిగే పేజీ ఒకటుంది, ఇంకా పెద్దదైతే అందర్నీ పిలిచే చర్చ ఉంది, మామూలుగా 30 రోజులు నడుస్తుంది. తెలుగు వికీలో అయితే రచ్చబండ, పేరుకి తగ్గట్టే అందరూ వచ్చి కూర్చునే చోటు. అక్కడ అడిగేటప్పుడు కూడా రెండు వైపుల మాటా రాయండి, మీ వైపుది ఒక్కటే కాదు.

ప్రశ్న: ఇంత చర్చ ఎందుకు, వోటింగ్ పెట్టి తేల్చెయ్యొచ్చుగా?

జవాబు: తలలు లెక్కపెట్టరండీ అక్కడ, ఎవరి వాదనకి ఆధారం ఉందో చూస్తారు. పదిమంది "నేను ఒప్పుకోను" అన్నా, ఒక్కరు మంచి మూలం చూపిస్తే ఆ ఒక్కరిదే నెగ్గొచ్చు. అయితే ఇది ఎప్పుడూ చకచకా జరుగుతుందని చెప్పను. ఇంగ్లీషు వికీలో పెరుగు వ్యాసం పేరులో ఒక్క అక్షరం, యోగర్ట్ స్పెల్లింగులో హెచ్ ఉండాలా వద్దా అని ఏళ్ళ తరబడి వాదించుకుని 2011లో గానీ తేల్చలేదు, హెచ్ లేకుండానే ఖాయం చేశారు. అంతసేపూ లోపల వ్యాసం మాత్రం బాగానే పెరిగింది.

ప్రశ్న: గొడవ పడుతున్నామని నిర్వాహకుడొచ్చి పేజీకి తాళం వేశారు, కానీ తప్పు వెర్షన్ మీద వేశారు! ఎవరికి చెప్పాలి?

జవాబు: తాళం ఎప్పుడూ తప్పు వెర్షన్ మీదే పడుతుందని వికీ వాళ్ళే దీనిమీద ఒక సరదా పేజీ రాసుకున్నారు, అవతలివాళ్ళు కూడా సరిగ్గా ఇదే ప్రశ్న రాస్తుంటారు. తాళం వేసినాయన మీ గొడవలో తీర్పు చెప్పలేదు, చెయ్యి ఆపించారంతే. తాళం ఉన్నన్నాళ్ళూ చర్చ పేజీ తెరిచే ఉంటుంది, వాక్యం ఎలా ఉండాలో అక్కడ రాసి అవతలివాళ్ళ చేత సరే అనిపించుకుంటే, తాళం తీసేలోపే నిర్వాహకుణ్ణి అడిగి మార్పించుకోవచ్చు.