సెలవుల్లో రీసెర్చ్ ల్యాబ్‌కి వెళ్తే టీచర్‌కి ఏమొస్తుంది? - మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఒక పబ్లిక్ హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్తానండీ. ఈసారి ఆర్‌ఈటీ అనే సమ్మర్ ప్రోగ్రామ్‌కి అప్లై చేయమని మా డిపార్ట్‌మెంట్ హెడ్ ఒకటే పోరు, ఆరు వారాలు యూనివర్సిటీ ల్యాబ్‌లో పనిచేయాలట. ఎమ్మెస్సీ అయి చాలా ఏళ్ళయింది, ఇప్పుడెళ్ళి పీహెచ్‌డీ పిల్లల మధ్య నిలబడితే పరువు పోతుందేమోనని భయం. పైగా సమ్మర్ అంటే మాకు తెనాలి వెళ్ళే టైమ్. దీనివల్ల నా క్లాసు పిల్లలకి నిజంగా ఏమన్నా ఒరుగుతుందా?
- ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: వెళ్ళండి టీచర్ గారూ. తెనాలి డిసెంబర్ సెలవుల్లో వెళ్ళొచ్చు.

ఆర్‌ఈటీ అంటే రీసెర్చ్ ఎక్స్‌పీరియన్సెస్ ఫర్ టీచర్స్. డబ్బు అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇస్తుంది, నడిపేది యూనివర్సిటీలు, ఎక్కువగా ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్ ల్యాబుల్లో. స్టైపెండ్ ఉంటుంది, మీరు చేసిన పనిలోంచి క్లాసులో చెప్పుకునే పాఠం ఒకటి తయారుచేసి ఇవ్వాలి. అయితే చాలా సైట్లు సిటిజన్‌షిప్ గానీ గ్రీన్ కార్డ్ గానీ ఉండాలంటాయి, మీరు ఏ వీసా మీదో ఉంటే ముందే కోఆర్డినేటర్‌కి మెయిల్ పెట్టి అడగండి, ఎస్సేలన్నీ రాశాక తెలిస్తే ఉసూరుమంటుంది.

ఇక పిల్లలకి ఒరుగుతుందా అంటే, మీ పక్కనే న్యూయార్క్‌లో దీన్ని లెక్కగట్టి చూశారు. కొలంబియా యూనివర్సిటీలో సామ్యుయెల్ సిల్వర్‌స్టీన్ అనే ప్రొఫెసర్ 1990లో హైస్కూల్ సైన్స్ టీచర్ల కోసం ఇలాంటి ప్రోగ్రామ్ మొదలుపెట్టారు, ఒక వేసవి కాదు వరసగా రెండు, ఒక్కోటి ఎనిమిది వారాలు. 2009లో సైన్స్ పత్రికలో ఫలితాలు వేశారు. ప్రోగ్రామ్‌లో చేరకముందు ఈ టీచర్ల పిల్లలూ అదే స్కూళ్ళలో మిగతా టీచర్ల పిల్లలూ రీజెంట్స్ అనే న్యూయార్క్ రాష్ట్ర సైన్స్ పరీక్షలో దాదాపు ఒకేలా పాసయ్యారు, చేరాక మూడో నాలుగో ఏడాదికొచ్చేసరికి వీళ్ళ పిల్లల పాస్ రేటు 10.1 శాతం ఎక్కువైంది. ఎలాగూ చురుకైన టీచర్లే కదా చేరేది అని ఎవరన్నా అంటారు, అందుకే చేరకముందటి ఏడాది లెక్క కూడా పక్కపక్కన పెట్టి చూపించారు. నాకు ఇందులో ముఖ్యమనిపించేది ఆ మూడో ఏడాది అన్న మాట. ల్యాబ్ నుంచి రాగానే సెప్టెంబర్లో అద్భుతం జరిగిపోదు, హెడ్ గారికి కూడా ఈ సంగతి ముందే చెప్పి పెట్టండి.

అసలు అక్కడ మారేదేంటంటే, ఒక సీన్ చెప్తాను. బయాలజీ ల్యాబ్ అనుకోండి, డీఎన్‌ఏ శాంపిల్‌ని పైపెట్‌తో జెల్లీ ముక్కలాంటి అగరోజ్ జెల్‌లోని చిన్న గుంటల్లోకి దించుతారు, కొత్తవాళ్ళకి చెయ్యి వణుకుతుంది, టిప్ కొంచెం లోతుకెళ్తే జెల్ చిరిగిపోతుంది. కరెంట్ పెట్టి గంటసేపు ఆగి లైట్ కింద చూస్తే కొలతకోసం వేసిన ల్యాడర్ తప్ప డీఎన్‌ఏ ఉన్నట్టు చూపించే గీత, అంటే బ్యాండ్, ఒక్కటీ లేదు! అప్పుడు పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయ్యాక ల్యాబ్‌లో పరిశోధన చేసే అతను, ఏం చేస్తాడంటే, ఫొటో తీసి నోట్‌బుక్‌లో అంటించి, తేదీ వేసి, బ్యాండ్ రాలేదు అని రాసి, డీఎన్‌ఏ కాపీలు తీయడానికి వాడే ప్రైమర్ పాతదా, టెంపరేచర్ ఎక్కువైందా అని ఒక్కోటీ విడదీసి మళ్ళీ మొదలుపెడతాడు. ఎవరూ ఎవర్నీ తిట్టరు, ఎవరూ రిజల్ట్ దిద్దరు.

ఇప్పుడు మన దేశంలో క్లాసు చూడండి. టైట్రేషన్ (ఒక ద్రావణాన్ని ఇంకోదానిలో చుక్కచుక్కగా కలిపి ఎంత పట్టిందో కొలిచే ప్రయోగం) అంటే మూడు రీడింగులూ 10.2, 10.2, 10.2, పక్కవాడి రికార్డులో కూడా అదే. అమెరికా పిల్లలైతే లెక్క తేడా వస్తే చివర్న హ్యూమన్ ఎర్రర్ అని ఒక ముక్క రాసి చేతులు దులుపుకుంటారు. వాళ్ళ తప్పు కాదండీ, రైట్ ఆన్సర్‌కే మార్కులు అని మనమే నేర్పాం. ఫలితం రాని రోజు ఏం చేయాలో కళ్ళారా చూసొచ్చిన టీచర్, నీ రీడింగ్ ఎందుకు తేడా వచ్చిందో నువ్వే కనిపెట్టు, దానికే మార్కులు అనగలుగుతుంది. ఇది ఏ ట్రైనింగ్ స్లైడుల్లోనూ దొరకదు.

పరువు సంగతంటారా, ల్యాబ్‌లో అందరూ తెలియనిదాని మీదే పనిచేస్తున్నారు, తెలియదు అనడం అక్కడ రోజూ వినపడే మాట. రెండు ప్రోగ్రాములు దొరికితే స్టైపెండ్ ఎక్కువని ఒకటి ఎంచుకోకండి, స్కూల్ తెరిచాక కూడా మీ వెంట ఉండేదీ, మిమ్మల్ని గ్లాసులు కడగడానికి కాకుండా సొంత ప్రశ్న మీద కూర్చోబెట్టేదీ ఏదో పాత పార్టిసిపెంట్లని అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: నేను నల్గొండ జిల్లాలో జెడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ స్కూల్ అసిస్టెంట్‌ని సర్. మాకు ఇలాంటివి ఏమన్నా ఉన్నాయా?
- ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: అచ్చంగా ఇలాంటిది మన దగ్గర చాలా తక్కువ మాస్టారూ, ఇది మన ప్రభుత్వాలు పట్టించుకోవాల్సిన విషయం. సైన్స్ అకాడమీల రెండు నెలల సమ్మర్ ఫెలోషిప్ ఉంది గానీ అది విద్యార్థులకీ కాలేజీ లెక్చరర్లకీ. 2017లో మొదలైన జిజ్ఞాస అనే ప్రోగ్రామ్ ముందుగా కేంద్రీయ విద్యాలయాలను కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ ల్యాబులతో కలిపింది. బెంగళూరు ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) వాళ్ళు కర్ణాటకలోనే చళ్లకెరె క్యాంపస్‌లో స్కూల్ టీచర్లకి ప్రయోగాలు చేయిస్తూ ట్రైనింగ్ ఇస్తారు, అది మంచిది. జెనీవాలో కణ భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం సెర్న్ 1998 నుంచీ హైస్కూల్ టీచర్లని పిలుస్తోంది, కానీ అది ఎక్కువగా లెక్చర్లు, విజిట్లు.

మీకైతే ప్రశ్న ఇంటి ముందే ఉంది, ఫ్లోరైడ్! బోరు నీళ్ళలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని డబ్ల్యూహెచ్‌ఓ అంటుంది, పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా నల్గొండ టెక్నిక్ అనే పేరు, అది నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్ళు రూపొందించింది. మీ ఊరి బోర్లలో వానలకి ముందు ఎంత, తర్వాత ఎంత అని కొలవడానికి ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ ఉన్న ల్యాబ్ కావాలి. జిల్లాలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ ఉంది, కెమిస్ట్రీ వాళ్ళని కలవండి. రీసెర్చ్ నేర్చుకోవాలనుంది అని ఊరికే రాయకుండా, ఈ బోర్ల నీళ్ళు కొలవాలి, స్పాట్ వాల్యుయేషన్ అయ్యాక మే నెలలో రాగలను, శాంపిళ్ళు నేనే తెస్తాను అని రాసి హెచ్‌ఎం గారి లెటర్ జతచేయండి. జవాబు రాకపోతే నేరుగా వెళ్ళి కనపడండి, మన దగ్గర మనిషి కనపడితేనే పని కదులుతుంది. టెన్త్ పరీక్షల హడావుడి మొదలవ్వకముందే ఇదంతా అయిపోవాలి, ఏప్రిల్లో అడిగితే అప్పటికే వాళ్ళ ప్లాన్లు వాళ్ళకుంటాయి.