రాత్రి ఏమీ తినకపోయినా పరగడుపు షుగర్ ఎందుకు పెరుగుతుంది?

రాత్రి ఏడు గంటలకే రెండు పుల్కాలతో భోజనం ముగిస్తున్నారని, పడుకునే ముందు 128 ఉన్న షుగర్ తెల్లవారేసరికి 160 చూపిస్తోందని, తినని తిండికి ఈ చక్కెర ఎక్కడి నుంచి వస్తోందని మీరు అడిగారు. పదకొండేళ్లుగా టైప్ 2 మధుమేహంతో ఉన్న నన్నూ ఈ ప్రశ్న చాలాకాలం వేధించింది. నేను వైద్యుణ్ణి కాను. విశాఖపట్నంలో నాకు చికిత్స చేస్తున్న డాక్టరుగారు ఓపికగా చెప్పినదీ, నా గ్లూకోమీటరు ద్వారా నాకు అర్థమైనదీ కలిపి రాస్తున్నాను.

ఆ చక్కెర మీ కాలేయం నుంచి వస్తోంది. మనిషి రక్తం మొత్తంలో ఒక్కసారికి ఉండే గ్లూకోజ్ సుమారు 5 గ్రాములు, అంటే ఒక చెంచాడు. మెదడు ఒక్కటే రోజుకు దాదాపు 120 గ్రాములు వాడుకుంటుంది కనుక, ఎక్కడి నుంచీ సరఫరా లేకపోతే ఆ చెంచాడు చక్కెర గంటసేపు కూడా నిలవదు. అందుకే కాలేయం తనలో గ్లైకోజెన్‌గా దాచుకున్న నిల్వను రాత్రంతా కొద్దికొద్దిగా విడుదల చేస్తుంది. అది చాలనప్పుడు మాంసకృత్తులలో ఉండే అమైనో ఆమ్లాల వంటి వాటి నుంచి కొత్తగా గ్లూకోజ్ తయారుచేస్తుంది. ఈ రెండు పనులకూ ఆజ్ఞ ఇచ్చేది గ్లూకగాన్ అనే హార్మోను. 1869లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ లాంగర్‌హాన్స్ క్లోమంలో (పాంక్రియాస్) గుర్తించిన పుటికలలో, అంటే కణాల చిన్న గుంపులలో, బీటా కణాలు ఇన్సులిన్‌ను, వాటి పక్కనే ఉండే ఆల్ఫా కణాలు గ్లూకగాన్‌ను స్రవిస్తాయి.

షుగర్ పెరిగితే ఇన్సులిన్, తగ్గితే గ్లూకగాన్ అని చాలాచోట్ల త్రాసు బొమ్మ గీసి చూపిస్తారు. నా అభిప్రాయంలో ఆ బొమ్మ సగం సంగతే చెబుతుంది. ఆల్ఫా కణం గ్లూకోజ్‌ను మాత్రమే చూసి నిర్ణయం తీసుకోదు; పక్కనున్న బీటా కణం విడుదల చేసే ఇన్సులిన్ దానికి కళ్లెంలా పనిచేస్తుంది. ఆరోగ్యవంతులలో షుగర్ 80 ప్రాంతానికి దిగేసరికి ఇన్సులిన్ తగ్గడం మొదలవుతుంది, ఆ కళ్లెం సడలుతుంది, 65–70 దగ్గరికి వచ్చేసరికి గ్లూకగాన్ పెరుగుతుంది. మనవంటి టైప్ 2 రోగులలో బీటా కణాలు బలహీనపడటం వల్ల, ఇన్సులిన్ మాటను శరీరం సరిగా వినకపోవడం వల్ల, షుగర్ 130 ఉన్నా గ్లూకగాన్ తగ్గవలసినంతగా తగ్గదు. కాలేయం మనం పస్తులున్నామనుకొని గ్లూకోజ్‌ను పంపుతూనే ఉంటుంది. తెల్లవారుజామున పెరిగే కార్టిసాల్, గ్రోత్ హార్మోను దీనికి తోడవుతాయి. నేను ఒక వారంపాటు రాత్రి భోజనం పూర్తిగా మానేసి చూశాను. పరగడుపు అంకె కదలలేదు సరికదా, ఒకరోజు పెరిగింది కూడా.

ఈ కళ్లెం సంగతి నాకు బాగా అర్థమైంది సింహాచలం గిరి ప్రదక్షిణలో. మూడేళ్ల క్రితం ఉపవాసమని పండ్లతో సరిపెట్టి, గ్లిమెపిరైడ్ మాత్ర మాత్రం యథాప్రకారం వేసుకొని, కొండ దిగువన తొలి మెట్టైన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్ల నడక మొదలుపెట్టాను. హనుమంతవాక దాటి అప్పూఘర్ చేరేసరికి ఒళ్లంతా చల్లటి చెమట, చేతుల వణుకు, మీటరులో 54. దారిలో పంచుతున్న బెల్లం పానకం ఒక గ్లాసు తాగి, పావుగంట కూర్చుంటే 79కి వచ్చింది. మరి అప్పుడు నా గ్లూకగాన్ ఏమైంది? గ్లిమెపిరైడ్ రక్తంలో గ్లూకోజ్ ఎంత ఉందన్న దానితో నిమిత్తం లేకుండా బీటా కణాల చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. పుటికలో ఇన్సులిన్ తగ్గలేదు కనుక కళ్లెం సడలలేదు, ఆల్ఫా కణం తగినంతగా స్పందించలేదు. కాళ్ల కండరాలలోని గ్లైకోజెన్ కూడా ఆదుకోదు, ఎందుకంటే దాన్ని గ్లూకోజ్‌గా మార్చి రక్తంలోకి పంపే ఎంజైము కండరాలకు లేదు. రాత్రుళ్లు అవసరం లేకపోయినా చక్కెర పోయించిన కణమే అవసరమైననాడు ఊరుకుంది.

అన్నం మానేసి చేపలకూర మాత్రమే తింటే పరగడుపు షుగర్ దిగుతుందా అని కూడా అడిగారు. మాంసకృత్తులలోని అమైనో ఆమ్లాలు ఇన్సులిన్‌తోపాటు గ్లూకగాన్‌నూ పెంచుతాయి కనుక అంత పెద్ద మార్పు ఆశించవద్దు. పిండిపదార్థం తగ్గినందుకు భోజనం తరువాతి అంకె మాత్రం మెరుగవుతుంది.

మీరు వాడుతున్న మందుల పేర్లు రాయలేదు. ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటివి గాని వాడుతుంటే, రెండు మూడు రాత్రులు మూడు గంటలకు లేచి ఒకసారి షుగర్ చూసుకోండి. ఆ వేళ 70 కంటే తక్కువ ఉంటే వెంటనే చక్కెర తీసుకొని, మరునాడే డాక్టరుకు తెలియజేయండి. ఆ సమయానికే 140, 150 ఉంటే కాలేయం సంగతేనని అనుకోవచ్చు. మెట్‌ఫార్మిన్ అనే మందు ప్రధానంగా తగ్గించేది కాలేయం పంపే ఈ గ్లూకోజ్‌నే. నా విషయంలో డాక్టరుగారు దాన్ని కొనసాగిస్తూ, గ్లిమెపిరైడ్ తీసివేసి విల్డాగ్లిప్టిన్ ఇచ్చారు. షుగర్ ఎక్కువగా ఉన్నప్పుడు అది ఇన్సులిన్‌ను పెంచి గ్లూకగాన్‌ను తగ్గిస్తుంది, షుగర్ తగ్గినప్పుడు గ్లూకగాన్‌కు అడ్డుపడదు. నా పరగడుపు షుగర్ ఇప్పుడు 115–125 మధ్య ఉంటోంది. నిరుటి ప్రదక్షిణను మధ్యమధ్య ఇడ్లీ తింటూ, జేబులో గ్లూకోజ్ పొట్లంతో పూర్తిచేశాను. పొట్లం విప్పే అవసరం రాలేదు.