కొత్త ల్యాప్‌టాప్ అప్పుడే నెమ్మదించిందా?

కొత్తగా కొన్నవాళ్లు తరచూ అడిగేది ఇదే: "అన్నా, చవగ్గా ఉందని ల్యాప్‌టాప్ కొన్నాను. పెట్టె విప్పిన రోజునే ఈడుస్తోంది. వెనక్కి ఇచ్చేయనా?"

తొందరపడకండి. మొదటి రోజు విండోస్ లోలోపల అప్‌డేట్లు దించుకుంటూ, ఫైళ్లకు ఇండెక్స్ (త్వరగా వెతికేందుకు జాబితా) కట్టుకుంటూ ఉంటుంది. చార్జర్ తగిలించి, అదంతా అయ్యాక రీస్టార్ట్ చేసి చూడండి. ఈలోపు మోడల్ నంబరు వెతికి రెండు సంగతులు తెలుసుకోండి: ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీ) ఎంత, స్టోరేజీ ఏ రకం. విండోస్ 11కి 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ చాలంటారు. ఆన్ కావడానికి చాలుతుంది, అంతే! 4 జీబీ ర్యామ్‌తో పాటు ఎస్‌ఎస్‌డీ (వేగమైన స్టోరేజీ) బదులు ఈఎంఎంసీ (అంతకంటే నెమ్మదైన చవక స్టోరేజీ) ఉంటే, రిటర్న్ గడువు దాటకముందే ఇచ్చేయండి. దాన్ని బాగుచేసే సెట్టింగ్ ఏదీ లేదు.

8 జీబీ, ఎస్‌ఎస్‌డీ ఉన్నాయా? అయితే ఇక చేయాల్సింది తీసేయడమే. ట్రయల్ యాంటీవైరస్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయండి. విండోస్‌లో ఉన్న డిఫెండర్ మామూలు వాడకానికి సరిపోతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. స్టార్టప్ యాప్స్‌లో మీకు రోజూ అక్కర్లేనివన్నీ డిసేబుల్ చేసేయండి. వేగం పెంచుతామనే "బూస్టర్"ల జోలికి మాత్రం పోవద్దు. అవీ ర్యామ్ తినేవే. బ్రౌజర్‌లో మెమరీ సేవర్ (వాడని ట్యాబులను పక్కన పెట్టే సెట్టింగ్) ఆన్ చేస్తే, ఇంటివాళ్లతో వీడియో కాల్ మాట్లాడుతున్నప్పుడు తేడా తెలుస్తుంది. పరుపు మీద పెట్టి వాడకండి. గాలి ఆడక వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

కొన్ని చవక మోడళ్లు ఎస్ మోడ్‌లో వస్తాయి. అందులో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఉన్న యాప్‌లు తప్ప ఇంకేవీ ఎక్కవు. కాలేజీవాళ్లో ఆఫీసువాళ్లో ఇచ్చిన సాఫ్ట్‌వేర్ ఎక్కకపోతే ముందు దీన్నే అనుమానించండి. ఎస్ మోడ్‌లోంచి బయటపడటం ఉచితం, కానీ మళ్లీ వెనక్కి వెళ్లలేరు. ఈ పనికి డబ్బు అడిగేవాళ్లను నమ్మకండి.

డబ్బు పెట్టేదేదో ర్యామ్ మీద పెట్టండి. ఖాళీ స్లాట్ ఉంటే మరో 8 జీబీ వేయించడాన్ని మించి పనికొచ్చే ఖర్చు లేదు. ర్యామ్ మొత్తం బోర్డుకే అతికించి ఉంటే ఆ ఆశ వదులుకోవాల్సిందే. అడుగు మూత విప్పితే వారంటీ పోతుందేమో ముందే కనుక్కోండి. విండోస్ 11 చాలా యంత్రాల్లో డిస్క్‌ను దానంతటదే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది (తాళం వేసినట్టు రహస్యంగా మారుస్తుంది); భాగాలు మార్చాక ఒక్కోసారి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. స్క్రూలు విప్పకముందే ఫోన్‌లో చూసి కాగితం మీద రాసుకోండి.