గోధుమల డ్రమ్ములో గోళీలు వేయవచ్చా?

ఏడాది తిండికి దాచుకున్న గోధుమలకు నాలుగు నెలలకే పురుగు పడుతోంది, డ్రమ్ములో అల్యూమినియం ఫాస్ఫైడ్ అనే పురుగుమందు గోళీలు వేయవచ్చా అని అడిగారు. వేయకండి. అంతకన్నా ముందు, డ్రమ్ము నింపిన రోజు గింజ వేడిగా ఉందా, చల్లగా ఉందా గుర్తు చేసుకోండి. నా లెక్కలో సగం నష్టం ఆ ఒక్క సాయంత్రమే జరిగిపోతుంది.

మాది ఆదిలాబాద్ వైపు నల్లరేగడి. చలి బాగా ఉంటుంది కాబట్టి యాసంగిలో ఇంటి మందం గోధుమ వేస్తాం. 2017 మార్చిలో ఆరు క్వింటాళ్లు ఉంచుకుని రెండు రోజులు ఎండబెట్టాం. రెండో రోజు నాలుగు గంటలకే నేను రేకు డ్రమ్ము నింపడం మొదలుపెట్టాను. అమ్మ దోసిట్లోకి గింజలు తీసుకుని, "జ్వరం వచ్చిన ఒళ్లులా కాలుతున్నాయి బిడ్డా, రాత్రికి చల్లారనివ్వు" అంది. నేను వినలేదు. ఒక డ్రమ్ము నింపి మూత బిగించేసరికి బంధువులు వచ్చారు. మిగిలిన గింజలు వసారాలోనే పరచి ఉండిపోయాయి. రెండో డ్రమ్ము మరునాడు తెల్లవారుజామున నింపాం.

ఒకే చేను, ఒకే కోత, ఒకే గది. జులైలో మొదటి డ్రమ్ము మూత తీస్తే ముక్కిన వాసన గుప్పుమంది. పైన నాలుగు వేళ్ల మందాన గింజ గడ్డకట్టి, బూజు పట్టింది. దాన్ని పగలగొట్టి మోచేతి దాకా చేయి పెడితే లోపల వెచ్చగా తగిలింది. చేయి బయటికి తీస్తే నిండా పిండి, నుసి పురుగులు. రెండో డ్రమ్ములో గింజ కొరికితే కటుక్కుమంది. పాడైనదాన్ని గేదెలకు కూడా పెట్టలేదు, బూజు పట్టిన గింజ వాటికీ విషమే. అంతా పెంటకుప్పలో పోసి వచ్చాక అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

గింజల కుప్ప వేడిని త్వరగా వదలదు. 30 డిగ్రీలు దాటిన వేడి పురుగుకు పండగ, నెల రోజులకే కొత్త తరం దిగుతుంది. పురుగులు పెరిగేకొద్దీ వాటి ఊపిరితోనే లోపల మళ్లీ వేడి, చెమ్మ పుడతాయి. తొలకరికి రేకు చల్లబడగానే లోపలి వెచ్చటి గాలి పైకి లేచి, మూతకు తగిలి నీరవుతుంది. అన్నం గిన్నె మూతకు చెమ్మ పట్టినట్టే. పేడతో అలికిన వెదురు గుమ్మికి ఈ బాధ ఇంతగా ఉండేది కాదు. ఇప్పుడు కట్టే ఇళ్లలో గుమ్మికి చోటు లేదు, టీవీకి మాత్రం గోడంతా ఇస్తున్నారు.

కోత యంత్రాల మీద కూడా నాకు కోపం ఉంది. తొందరలో గింజ చితుకుతుంది, పచ్చి కలుపు గింజలు కలిసిపోతాయి. ఎర్రటి పిండి పురుగు నిండు గింజను తొలవలేదు, విరిగిన గింజే దానికి దారి. జల్లెడ పట్టకుండా డ్రమ్ము నింపకండి. వేపాకు వేయాలనుకుంటే నీడలో ఎండినదే వేయండి, పచ్చి ఆకు వేస్తే మీరే చెమ్మను లోపలికి పంపినట్టు.

గింజ ఎండిందో లేదో తెలియకపోతే ఎండిన సీసాలో గుప్పెడు గోధుమలు, చెంచాడు పొడి ఉప్పు వేసి బాగా ఊపండి. ఉప్పు గాజుకు అంటుకుంటే తేమ 15 శాతం పైనే ఉంది. అంటుకోకపోయినా అంతటితో ఆగకండి, ఏడాది నిల్వకు 12 శాతం కూడా దాటకూడదు. ఇంకో రోజు ఎండబెట్టి, రాత్రంతా కప్పు కింద పరచి, తెల్లవారాక నింపండి.

ఇక గోళీల సంగతి. గాలిలోని తేమ తగిలితే వాటి నుంచి ఫాస్ఫీన్ విషవాయువు వస్తుంది, దానికి విరుగుడు లేదు. డ్రమ్ము సందుల్లోంచి పక్క గదిలో పడుకున్న పిల్లల దాకా పోగలదు. శిక్షణ ఉన్నవాళ్లే వాడాలని ప్రభుత్వం నిబంధన పెట్టినా, మా దగ్గర ఒక దుకాణంలో విడిగా చేతిలో పెట్టి ఇస్తున్నారు. చూసినప్పుడల్లా నా రక్తం ఉడికిపోతుంది. పురుగు భయం తీరకపోతే గాలి చొరబడని సంచులు కొనండి. లోపలి ప్రాణవాయువు తగ్గిపోయి పురుగు దానంతటదే చస్తుంది.

మీ గోధుమలు ఇప్పటికే డ్రమ్ములో ఉంటే రేపు పొద్దున్నే మూత తీసి మోచేతి దాకా చేయి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే ఆ రోజే బయట పోసి ఆరబెట్టండి.